మరిపెడకు చేరని కబురు

మా మనవరాలి బడివాళ్లు పిల్లలకు హైదరాబాద్ చూపించడానికి తీసుకుపోతున్నారు. మొన్న సాయంత్రం కోడలు ఫోన్లో వచ్చిన జాగ్రత్తలన్నీ దానికి చదివి వినిపిస్తోంది. బ్యాగు వీపుకు కాదు, ముందుకు వేసుకోవాలి. గుంపులో ఉన్నప్పుడు పర్సు తీయకూడదు. తెలియనివాళ్లు పలకరిస్తే జవాబు చెప్పకూడదు. అది పల్లీలు నములుతూ ఊ కొడుతోంది. నేను మా భూపాలపల్లి ఇంటి వరండాలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"అత్తమ్మా, మీరు గూడ జర చెప్పుండ్రి. మీ మాటైతే వింటది" అంది కోడలు.

ఆ జాగ్రత్తలన్నీ దాని వయసులోనే నేను బట్టీ పట్టాను. చెప్పాలంటే ఇంకో పది చెప్పగలను. కాని చిక్కుడుకాయల చాట తీసుకొని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా బాపు మానుకోటలో దర్జీ. స్టేషన్‌కు పోయే దారిలో రేకుల కొట్టు, అందులో ఒక కుట్టుమిషను, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె. కొట్టులోకి అడుగు పెడితే గంజి పెట్టిన కొత్త బట్ట వాసన, మిషను నూనె వాసన, ఇస్త్రీపెట్టె బొగ్గు వాసన కలిసి ముక్కుకు తగిలేవి. లాగులు, అంగీలు అందరు దర్జీలూ కుట్టేవాళ్లే. బాపుకు పేరు తెచ్చింది మాత్రం దొంగజేబు. పట్నం పోవాలనుకున్న ప్రతివాడూ ముందు మా కొట్టుకు వచ్చేవాడు. బాపు వాళ్ల బనీను లోపలో, లాగు నడుము పట్టీ వెనకో, ఆడవాళ్లయితే లోపలి లంగాకో, బయటికి కుట్టు కనబడకుండా ఒక జేబు కుట్టి ఇచ్చేవాడు.

దాని వెనక ఒక కథ ఉంది. పెండ్లికి ముందు బాపు పనికోసమని పట్నం పోయి, నాంపల్లి స్టేషన్లో దిగిన గంటలోపే జేబుదొంగ చేతిలో పైసలన్నీ పోగొట్టుకున్నాడు. మూడు రోజులు నీళ్లు తాగి బతికి, టికెట్ లేకుండా వచ్చి, దారిలో దించేస్తే కాజీపేట నుంచి మానుకోట దాకా పట్టాల వెంట నడిచి వచ్చాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నవ్వేవాడు కాదు. మాకూ నవ్వబుద్ధి అయ్యేది కాదు.

నేను ఐదో తరగతిలో ఉండగా ప్రత్యేక తెలంగాణ కావాలని గొడవలు మొదలై బడులు మూతపడ్డాయి. పిల్లలకు అంత పెద్ద సెలవు అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. గోడల మీద తారుతో రాసిన జై తెలంగాణ అక్షరాలను మేం వేళ్లతో దిద్దుకునేవాళ్లం. చేతులకు అంటిన తారు కిరసనాయిలు పూస్తే గాని పోయేది కాదు. కిరసనాయిలు పాడు చేసినందుకు అమ్మ తిట్టేది.

ఆ ఎండాకాలం మా అవ్వకు కండ్లల్లో పొరలు ముదిరాయి. అవ్వ అంటే బాపు తల్లి. బాపు పిలిచినట్టే నేనూ అవ్వ అనేదాన్ని. దవాఖానలో కత్తి పెట్టాలన్నారు. అవ్వ వద్దంది.

"కత్తి పెడితే ఉన్న చూపు గూడ పోతదో ఏమో. గది తర్వాత సంగతి. ముందుగాల నాకు పట్నం చూపియ్యి బిడ్డా. చార్మినారు ఎట్లుంటదో ఒక్కపారి చూస్త" అని బాపును అడిగింది.

బాపు చాలా రోజులు ఊగిసలాడాడు. గొడవలు కొంచెం సద్దుమణిగాయని ఎవరో చెప్పాక సరేనన్నాడు. చంటి తమ్ముడితో అమ్మ ఇంట్లోనే ఉండాలి. అవ్వ చెయ్యి పట్టుకొని నడిపించడానికి నేను కావాలి. అట్లా నా భాగ్యం పండింది.

పోయే ముందు వారం రోజులూ మా ఇల్లు మరో బడి అయింది. బాపు మిషను తొక్కుతూ అడిగేవాడు, నేను అప్పచెప్పేదాన్ని.

"పైసలున్న జేబు మాటిమాటికి తడుముకోవచ్చునా?"

"తడుముకోవద్దు. తడిమితే ఎక్కడున్నయో దొంగకు తెలుస్తది."

"మీద బురద పడ్డది, పేడ పడ్డది అని ఎవలన్న అంటే?"

"వంగి చూడొద్దు. మూట గట్టిగ పట్టుకోవాలె."

"చార్మినార్ కాడ?"

"అందరం ఒక్కసారే మీదికి చూడొద్దు. ఒకలు చూస్తుంటే ఒకలు మూటను కనిపెట్టుకొని ఉండాలె."

"మీదే ఊరు అని అడిగితే?"

"చెప్పొద్దు. ఊరు అడిగినోడే మొదటి దొంగ."

ఈ చివరిది అవ్వకు మింగుడుపడేది కాదు. "ఊరడగకుంట మనిషితోని మాటెట్ల మొదలైతదిరా?" అనేది. బాపు దారం కొరికేవాడు.

నాకైతే ఈ చదువు మహా ఇష్టంగా ఉండేది. దొంగ ఎట్లా చేస్తాడో తెలుసుకోవాలని అవ్వ నడుముకు దోపుకున్న వక్కాకు సంచిని వెనకనుంచి మెల్లగా లాగేదాన్ని. రెండుసార్లు దొరికిపోయాను. మూడోసారి దొరకలేదు. అవ్వ సంచి కోసం ఇల్లంతా తడుముకుంటుంటే తలుపు చాటున నిలబడి నవ్వుకున్నాను. బాపు నన్ను తిట్టలేదు. "దీని కండ్లు మంచిగున్నయి. మూట దీని చేతికే ఇయ్యాలె" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

మా మూటలో నిజానికి దొంగ మెచ్చేది ఏమీ లేదు. రెండు చీరలు, నా గౌను, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఒక డబ్బా సకినాలు, దవాఖాన చిట్టీ. పైసలు బాపు బనీను లోపల ఉన్నాయి. అయినా నేను ఆ మూటను రాజుగారి ఖజానాలాగా పొట్టకు హత్తుకొని రైలెక్కాను.

జనగామ దగ్గర రైలు ఆగిపోయింది. తెలంగాణ కావాలని కాలేజీ పిల్లగాండ్లు పట్టాల మీద కూర్చున్నారు. పెట్టె ఇనుము ఎండకు కాలిపోతోంది. కిటికీలోంచి ఇంజను పొగ, ఎండుగడ్డి వాసన వస్తున్నాయి. మా పెట్టెలో పెద్దవాళ్లు నౌకరీల గురించి, నీళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. "సినిమాల మన మాటంటే నవ్వుతరు. ఆఫీసుల మన అర్జీ అంటే గూడ నవ్వుతరు" అన్నాడు ఒక పెద్దమనిషి. ఎదురుగా కూర్చున్న ముసలాయన తాటిముంజలు ఒలిచి అవ్వ చేతిలో పెట్టబోయాడు. అవ్వ చెయ్యి చాపింది. బాపు సన్నగా దగ్గాడు. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకొని, "వద్దు తమ్మీ, పండ్లు గుంజుతున్నయి" అంది. ముంజలు మింగడానికి పండ్లతో పనేమిటని ఆయన అడగలేదు. తానే తిన్నాడు. అవ్వ పొద్దుటినుంచీ ఏమీ తినలేదని నాకు తెలుసు.

చీకటిపడ్డాక పట్నం చేరి, స్టేషన్ దగ్గరి సత్రంలో పడుకొని, తెల్లారి చార్మినార్ దగ్గరికి పోయాం. అవ్వ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. "గంత ఎత్తుంటదా? నాకు సగందాకనే కానొస్తున్నది. మీద ఏమున్నది బిడ్డా?" అని నన్ను అడిగింది. నేను పైకి చూడలేదు. అది నా కాపలా వంతు. "ఏం లేదవ్వా, గోడే" అన్నాను. అంత దూరం పోయి చార్మినార్ పైభాగాన్ని నేనూ చూడలేదు, అవ్వకూ చెప్పలేదు.

పక్క వీధిలో ఏదో పాత కట్టడం పడగొట్టి కొత్తది కడుతున్నారు. తట్టలు మోసే ఆడవాళ్లు గోడ నీడన కూర్చొని ఉన్నారు. అందులోంచి ఒకామె లేచి మా వెనక రావడం నేనే ముందు చూశాను. అద్దాల రవిక, మోచేతి పైదాకా తెల్ల గాజులు, తలమీద సున్నం అంటిన చుట్టగుడ్డ. మా ఊరి అంగడికి తండాలనుంచి వచ్చే లంబాడి ఆడవాళ్లలాగే ఉంది. వయసు ఇరవై కూడా ఉండదేమో.

"అవ్వా, మీది మానుకోట దిక్కా?" అంది.

ఊరు అడిగింది.

"కాదు. పో" అన్నాడు బాపు.

"మాట గట్లనే ఉన్నది. మాది మరిపెడ కాడ తండా. నీ మాట ఇని వచ్చిన అవ్వా." ఆమె బాపును వదిలి అవ్వ పక్కన నడవసాగింది. తన పేరు చెప్పింది, తండా పేరు చెప్పింది. "మా యాడికి ఒక్క మాట చెప్తవా? ఆడపిల్ల పుట్టింది, ఇద్దరం బాగున్నం అని. నేనొచ్చి ఏడాదాయె. మా ఆయన పనికని నిజాంబాదు పోయి ఇంక రాలే. కబురు చెప్పెటోళ్లు లేరు."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. అవ్వ నిలబడిపోయింది. "చెప్త బిడ్డా, ఎందుకు చెప్ప. పిల్ల ఎక్కడున్నది?"

"గా నీడకు పండవెట్టిన. రెండు నెల్ల పిల్ల."

బాపు అవ్వ రెక్క పట్టుకొని ముందుకు నడిపించాడు. "మాట్లల్ల పెట్టి మూట కొట్టేసుడు వీళ్లకు అలవాటే. నడువ్" అన్నాడు నాకు మాత్రం వినబడేట్టు. నేను మూట ముడి చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. ఆమె కొంతదూరం వచ్చి ఆగిపోయింది.

గాజుల అంగళ్ల మధ్యకు చేరామో లేదో, వెనకనుంచి పెద్ద కేక లేచింది. జై తెలంగాణ అంటూ జనం, వాళ్ల వెనక లాఠీలు. అంగళ్ల తలుపులు టపటపా మూసుకున్నాయి. సందులో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా ఉరికారు. బాపు ఎటు పోయాడో కనబడలేదు. నన్ను ఎవరో తోశారు, నా చేతిలోంచి అవ్వ చెయ్యి జారింది, మూట జారింది. అవ్వ కింద పడింది. జనం ఆమె పక్కనుంచి, ఒకరిద్దరు ఆమె మీదుగా పరుగెత్తారు. నేను ఒక అంగడి అరుగు మీదికి ఎక్కి చూశాను.

ఆ తట్టలు మోసే ఆమె జనానికి ఎదురుగా వస్తోంది. వంగి ఒక చేత్తో మా మూట తీసి చంకలో పెట్టుకుంది. ఇంకో చేత్తో అవ్వను లేవనెత్తి పక్కకు లాగుతోంది.

నేను అన్నీ చూశాను. అవ్వను లాగడం కూడా చూశాను. కాని మూట ఆమె చంకలో ఉంది.

"దొంగ. లంబాడి దొంగ. మా మూట ఎత్తుకపోతున్నది" అని అరిచాను.

ఆ రెండో మాట బాపు నేర్పిన పాఠంలో లేదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా వాడలో పెద్దవాళ్లు నవ్వుతూ అనేవాళ్లు, అది నా నాలుక మీద ఉండింది.

పరుగెత్తేవాళ్లలో ఇద్దరు మగవాళ్లు ఆగి ఆమె జుట్టు పట్టుకున్నారు. ఒకడు చెంప మీద కొట్టాడు. ఆమె అవ్వను మాత్రం వదల్లేదు. అప్పుడే వచ్చిన ఒక జవాను లాఠీతో ఆమె కుడిచేతి మీద కొట్టాడు. గాజులు పగిలిన చప్పుడు నాకు వినబడింది.

"కొట్టకుండ్రి. నన్ను లేవట్టింది. అయ్యా, నన్ను లేవట్టింది ఆమె" అని అవ్వ నేలమీద కూర్చొని చేతులు ఊపుతోంది. ఆ గోలలో ఎవరికీ పట్టలేదు.

ఆమె అవ్వ వైపు తిరిగి, "చెప్పవ్వా, నువ్వు చెప్పు. పిల్ల నీడకున్నది" అంది. తర్వాత ఒకసారి నన్ను చూసింది. నేను మూటను గుంజుకొని పొట్టకు హత్తుకున్నాను. పట్టుబడిన పిల్లగాండ్లతో పాటు ఆమెను కూడా బండెక్కించారు. ఆమె రవిక ముందుభాగం తడిసి ఉంది. చెమట అనుకున్నాను. అది పాలు అని తెలియడానికి నాకు నా కొడుకు పుట్టాలి.

బాపు పరుగెత్తుకుంటూ వచ్చి ముందు మూటను చూశాడు, తర్వాత నన్ను. "శభాష్ బిడ్డా" అని తల నిమిరాడు.

"ఠాణకు పోదాం నడువు. నేను చెప్త" అంది అవ్వ.

"ఊరంత గడబిడున్నదవ్వా. ఠాణకు పోతె మనల్ని గూడ లోపలేస్తరు. సాయంత్రానికి కర్ఫ్యూ అంటున్నరు."

"ఎత్తుకపోయేదైతే నా చెయ్యెందుకు పట్టిందిరా?"

కనీసం పిల్ల సంగతి చూద్దామని అవ్వ పట్టుబడితే, ఆ కట్టడం వైపు బాపు నాలుగడుగులు వేశాడు. ఆ వీధి మొదట్లో లాఠీలు పట్టుకొని వరుసగా నిలబడి ఉన్నారు. తోటి కూలీలు ఉంటారు, వాళ్లు చూసుకుంటారు అన్నాడు. ఆ మాట ఆయన తనకు తానే చెప్పుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. మ్యూజియం చూడలేదు, జూ చూడలేదు. మర్నాడు రైలెక్కి వచ్చేశాం. సకినాల డబ్బా మూత కూడా తీయలేదు.

ఇంటికి వచ్చాక అవ్వకు ఒకటే ధ్యాస. మరిపెడ పోయి ఆ తల్లికి కబురు చెప్పాలి. బాపు ఒప్పుకోలేదు. "పోయి ఏం చెప్తవవ్వా? నీ బిడ్డను పోలీసోళ్లకు పట్టిచ్చి వచ్చినమని చెప్తవా?" అని ఒకరోజు గట్టిగా అడిగాడు.

"గది గూడ చెప్త" అంది అవ్వ.

ఆ తర్వాత ఆమె బాపును అడగడం మానేసి నన్ను అడగడం మొదలుపెట్టింది. "నాకు తొవ్వ కానరాదు. నువ్వు తోల్కపో బిడ్డా. మరిపెడ బస్సున్నదా చూసి రా."

మొదటిరోజుల్లో నిజంగానే బస్సులు లేవు. బందులు, రోడ్ల మీద కొట్టేసిన చెట్లు. "లేదవ్వా" అని వచ్చి చెప్పేదాన్ని. అవ్వ తెల్లచీర కట్టుకొని, చేతికర్ర పట్టుకొని అరుగు మీద కూర్చొని ఉండేది. నా మాట విని లోపలికి పోయి చీర మార్చుకునేది. పది పదిహేను రోజులకు బస్సులు మళ్లీ నడవసాగాయి. నేను బస్టాండుకు పోయేదాన్ని. మరిపెడ బస్సు నిండుగా కదలడం చూసేదాన్ని. చింతకాయలు ఏరుకొని, ఇంటికి వచ్చి, "ఇయ్యాల గూడ లేదవ్వా, బందట" అనేదాన్ని. ఆ తల్లి ముందు నిలబడితే అవ్వ నన్ను చూపించి, ఇదే అరిచిందని చెబుతుందని నా భయం. అవ్వ చెప్పే మనిషే.

ఎన్నిసార్లు అట్లా అన్నానో గుర్తులేదు. ఒకరోజు పొద్దున నేను గడపలో నిలబడి అబద్ధం చెబుతుండగానే మా ఇంటి ముందు రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. మా ఇల్లు మరిపెడ రోడ్డు మీదే.

"ఏంది బిడ్డా గది?"

"లారీ అవ్వా."

"లారీయేనా" అంది అవ్వ. లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత నన్ను మళ్లీ అడగలేదు. కత్తి పెట్టించుకోవడానికీ ఒప్పుకోలేదు. ఏడాది తిరిగేలోపు ఆమెకు పూర్తిగా చూపు పోయింది, ఆ మరుసటి చలికాలంలో ఆమె కూడా పోయింది.

నేను పంతులమ్మనయ్యాక ఎక్కడెక్కడో పనిచేసి, నలభై దాటాక మరిపెడ దగ్గరి బడికి బదిలీ అయ్యాను. బడి ఈడు పిల్లల పేర్లు రాసుకోవడానికి తండాలు తిరగాలి. ఆ తండా పేరు నాకు గుర్తుంది, ఆమె పేరూ గుర్తుంది. మిగతావన్నీ తిరిగి, దాన్ని చివరికి పెట్టుకున్నాను.

ఆ తండాలో ఒక గుడిసె ముందు మంచంలో ఒకాయన మొక్కజొన్న గింజలు వలుస్తున్నాడు. ఆమె పేరు చెప్పి, అప్పట్లో పట్నం పోయినామె ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"మా అక్క మేడం. కాళేశ్వరం దిక్కుంటది, బిడ్డ కాడ."

కూర్చోమని పీట వేశాడు. నీళ్లు ఇచ్చాడు. అడగకుండానే చెప్పసాగాడు. ఆ ఏడు వానలు పడ్డాక అక్క చంటిపిల్లను ఎత్తుకొని వచ్చిందట. తోటి కూలీలు రెండు రోజులు పిల్లను సాకారట. జవాను లాఠీ దెబ్బకు విరిగిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుందట. తట్ట ఎత్తడానికి ఇప్పటికీ కష్టమట.

"రాంగనె మా యాడిని అడిగింది, మానుకోటనుంచి ఒక ముసలవ్వ వచ్చి నా కబురు చెప్పిందా అని. రాలేదన్నది మా యాడి. మా అక్క నమ్మలే. గా అవ్వ మంచిది, చెప్తనన్నది, బస్సులు నడుస్తలేవు గందుకే రాలేదు అన్నది. చాన రోజులు గదే మాట."

నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. తాగకుండానే కింద పెట్టాను.

"మీకెట్ల ఎరుక మేడం మా అక్క?"

"ఆ అవ్వ మా అవ్వే" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. లోపలున్నవాళ్లను తమ భాషలో పిలిచి నన్ను చూపించాడు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. అరిచిన పిల్ల సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదని అప్పుడు తెలిసింది. ముసలవ్వ గురించి చెప్పింది, జవాను గురించి చెప్పింది, నన్ను మాత్రం వదిలేసింది. ఇప్పుడైనా చెప్పుకోవలసింది నేనే. చెప్పలేదు. పిల్లల పేర్లు రాసుకొని లేచాను.

"తీజ్ పండుగకు మా అక్క వస్తది. మీరు గూడ రాండ్రి మేడం. మిమ్ముల చూస్తె సంబురపడ్తది" అని తండా చివరిదాకా వచ్చి సాగనంపాడు. వస్తానన్నాను.

ఆ తీజ్ నాడు నేను జనగామలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. పని ఏమీ లేదు. ఊరికే పోయాను. రోజంతా వాన పడింది. చెల్లెలు మక్కగారెలు చేసింది. మరుసటి నెలే బదిలీ అడిగి ఆ ఊరు వదిలేశాను.

ఆమె నన్ను ఇంటిల్లిపాదికీ తిట్టి చెప్పి ఉంటే, పోయి తిట్లు తిని వచ్చేదాన్నేమో అనిపిస్తుంది. చెప్పలేదు కాబట్టి పోలేకపోయాను. అవ్వ అయితే కండ్లు కనబడకపోయినా పోయేది.